నాన్న డెబ్బయ్యో పుట్టినరోజుకు గుంటూరులో చేయించిన ‘చరిత్రలో ఈ రోజు’ ఫ్రేము

మొన్న 2025 జూలై 4న మా నాన్నకు డెబ్బై ఏళ్లు నిండాయి. పంచె, చొక్కా, స్వీటు బాక్సు ప్రతి ఏడాదీ ఉండేవే. ఈసారి ఆయన రోజూ చూసుకునేది ఏదైనా ఇవ్వాలనిపించింది. మా ఆఫీసులో ఒకావిడ వాళ్ల మామగారికి చేయించిన ఫ్రేము ఫోటో చూపించింది. పుట్టిన తేదీ చెబితే చాలు. ఆ తేదీన పుట్టిన ప్రముఖులు, చరిత్రలో ఆ రోజు జరిగిన సంగతులు, తెలుగు సంవత్సరం, తిథి, వారం అన్నీ ఒక పెద్ద షీటు మీద వేసి, మధ్యలో మనవాళ్ల ఫోటో పెట్టి ఫ్రేము కట్టి ఇస్తారు.

చేసేది అరండల్‌పేటలో ఒక కుర్రాడు. ఇంటి ముందుగదే షాపు. బయట బోర్డు లేదు. ఒకరు చెబితే ఒకరు వెళ్లడం, వాట్సాప్‌లో ఆర్డరు ఇవ్వడం, అంతే. 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు షీటు, మ్యాట్ ల్యామినేషన్, నల్ల చెక్క ఫ్రేము, అద్దం అన్నీ కలిపి నాకు 950 రూపాయలు అయింది. సగం ముందే ఫోన్‌పే చేయాలి. పది రోజుల ముందు చెప్పమంటాడు. నేనైతే పదిహేను రోజుల ముందు చెప్పమంటాను. ఎందుకో కింద రాస్తాను.

తేదీ పంపమంటూ అతను అడిగిన మొదటి మాటే నాకు నచ్చింది. “మేడమ్, ఆధార్‌లో ఉన్న తేదీయా, అసలు తేదీయా?” అన్నాడు.

నేను ఒక కాలేజీ ఆఫీసులో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాను. టీసీలు, మార్కుల మెమోలు, ఆధార్‌లు పక్కపక్కన పెట్టి పుట్టిన తేదీలు సరిచూడటమే పని. పిల్లల తేదీలు ఇప్పుడు బాగానే ఉంటున్నాయి, ఆసుపత్రి సర్టిఫికెట్లు ఉన్నాయి కాబట్టి. వాళ్ల తాతల తేదీలు చూడాలి! జూన్ 1, జూలై 1, జూన్ 15. ఊరు ఊరంతా ఆ మూడు రోజుల్లోనే పుట్టినట్టు ఉంటుంది. బడిలో చేర్చుకున్న మాస్టారు ఏది రాస్తే అదే పుట్టినరోజు.

మా నాన్నదీ అదే కథ. ఆయన పెరిగింది విజయవాడ సత్యనారాయణపురంలో. 1959లో బడిలో వేయడానికి తీసుకెళ్లేనాటికి నాలుగేళ్లే. ఐదు నిండాలి కదా, మాస్టారు ఏడాది వెనక్కి జరిపి 1-7-1954 అని రాశారు. నాన్న రైల్వేలో గార్డుగా చేశారు. ఒకటో తేదీన పుట్టినవాళ్లకు ముందు నెల చివరి రోజునే రిటైర్మెంటు. అలా 2014 జూన్ 30న ఇంటికి వచ్చేశారు. అసలు తేదీ రాసి ఉంటే 2015 జూలై ఆఖరు దాకా ఉద్యోగం ఉండేది. ఒక మాస్టారి కలం పదమూడు నెలల జీతం పట్టుకుపోయింది. నాన్న ఏనాడూ ఆ మాస్టారిని ఒక్క మాట అనలేదు. ఆయన దగ్గరే ఎక్కాలు నేర్చుకున్నానంటారు.

అసలు తేదీ మాకెలా తెలుసంటే, తాతయ్య ట్రంకు పెట్టె మూత లోపలివైపు పెయింటుతో రాసి పెట్టారు. “మన్మథ ఆషాఢ శు. చతుర్దశి సోమవారం.” ఇంగ్లీషు తేదీ లేదు. కానీ నాయనమ్మ ఒక మాట ఎప్పుడూ చెప్పేది. “పెద్ద గ్రహణం పట్టింది. పొద్దున్నే గదిలో చాప మీద పడుకోబెట్టి కదలొద్దన్నారు, దోసకాయ ముక్క కూడా కొయ్యనివ్వలేదు. అది సోమవారం. సరిగ్గా రెండు వారాలకి మళ్లీ సోమవారం వీడు పుట్టాడు” అని. ఆవిడ చెప్పిన గ్రహణం 1955 జూన్ 20 నాటిది. 20వ శతాబ్దంలో అన్నిటికన్నా ఎక్కువసేపు నిలిచిన సంపూర్ణ సూర్యగ్రహణం అదే, గరిష్ఠంగా 7 నిమిషాల 8 సెకన్లు. సంపూర్ణంగా కనిపించింది సింహళంలోనూ, అటు తూర్పు దేశాల్లోనూ. మనకు పాక్షికం. ఆ అమావాస్య నుంచి లెక్కపెడితే ఆషాఢ శుద్ధ చతుర్దశి, అంటే వ్యాసపూర్ణిమ ముందురోజు, జూలై 4 సోమవారం అవుతుంది. తాతయ్య రాతకూ నాయనమ్మ మాటకూ ఎక్కడా తేడా రాలేదు. ఇంత చదువుకుని నేను సరిచూసిన తేదీల్లో నాకు ఎక్కువ నమ్మకమైనది ఇదే.

కుర్రాడికి 4-7-1955 అని పంపాను. నాన్న ఉద్యోగంలో చేరినప్పటి బ్లాక్ అండ్ వైట్ ఫోటో కూడా పంపాను. నాలుగు రోజులకు ప్రూఫ్ వచ్చింది.

చూడగానే బాగుంది. లేత పసుపు రంగు, అంచుకు సన్నటి గీత, ఫోటో శుభ్రంగా స్కాన్ అయింది. తర్వాత చదవడం మొదలుపెట్టాను. ముందుగా ‘స్వాతంత్ర్యం’ అన్న మాట. ఒత్తులు అక్షరం కింద ఉండకుండా పక్కకు జారి, త పక్కన రెండు ముక్కలు విడివిడిగా పడి ఉన్నాయి. ‘క్యూరీ’ది కూడా అదే పరిస్థితి. ఫోనులో బాగానే కనిపించే తెలుగు ఆ డిజైను సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లేసరికి విరిగిపోయింది. సరే, ఇది ఫాంటు సమస్య, సరిచేసుకుంటాడు అనుకున్నాను.

అసలు సమస్య ఆ పైన ఉంది. “ఈ రోజు జయంతి” అని శీర్షిక పెట్టి కింద ఆరు పేర్లు వేశాడు: అల్లూరి సీతారామరాజు, పింగళి వెంకయ్య, స్వామి వివేకానంద, మేరీ క్యూరీ, గుల్జారీలాల్ నందా, ఎం.ఎం. కీరవాణి.

నాకు గుండె ఆగినంత పనైంది. ఆరుగురిలో ముగ్గురు ఆ రోజు పుట్టినవాళ్లు కాదు, పోయినవాళ్లు! వివేకానందుడు 1902 జూలై 4న బేలూరు మఠంలో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 39 ఏళ్లే. ఆయన జయంతి జనవరి 12 అనీ, అదే జాతీయ యువజన దినోత్సవమనీ మా కాలేజీలో ఎవరిని అడిగినా చెబుతారు. మేరీ క్యూరీ 1934లో అదే తేదీన ఫ్రాన్సులో చనిపోయారు. ఏళ్ల తరబడి రేడియం దగ్గర పనిచేసిన ఫలితం ఆవిడ రక్తాన్ని దెబ్బతీసింది. ఇక పింగళి వెంకయ్యగారు. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో 1876 ఆగస్టు 2న పుట్టిన మనిషి. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు గాంధీగారి చేతికి జెండా నమూనా ఇచ్చిన మనిషి. 1963 జూలై 4న విజయవాడలోనే పోయారు. గుంటూరులో అచ్చయ్యే కాగితం మీద, విజయవాడలో పెరిగిన మనిషి ఇంట్లో, ఆయన వర్ధంతిని జయంతి అని రాసి గోడకు తగిలిస్తే ఎలా?

సంఘటనల్లోనూ రెండు తప్పులు దొర్లాయి. “1776: అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చింది” అని వేశాడు. ఆ రోజు వచ్చింది ప్రకటన మాత్రమే. విడిపోవాలన్న తీర్మానం జూలై 2నే అయింది, 4న ప్రకటన పాఠాన్ని ఆమోదించారు, ప్రతినిధుల్లో ఎక్కువమంది సంతకాలు పెట్టింది ఆగస్టు 2న. ఆ తర్వాత యుద్ధం ఏళ్ల తరబడి సాగి, 1783 సెప్టెంబరులో పారిస్ ఒప్పందం జరిగాక గానీ బ్రిటన్ ఒప్పుకోలేదు. “1943: నేతాజీ ఆజాద్ హింద్ ప్రభుత్వం ఏర్పాటు” అన్నది రెండోది. ఆ ప్రభుత్వం ఏర్పడింది అక్టోబరు 21న. జూలై 4న సింగపూరులో జరిగింది వేరు. రాస్‌బిహారీ బోస్ తాను నడుపుతున్న ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్‌ను నేతాజీకి అప్పగించారు. ఒక పెద్దాయన తన చేతిలో ఉన్నది చిన్నవాడి చేతిలో పెట్టి పక్కకు జరగడం. ఆ ఒక్క వాక్యం సరిగ్గా రాస్తే ఎంత బాగుంటుంది!

వెంటనే ఫోను చేశాను. గట్టిగానే మాట్లాడాను. అవతల కుర్రాడు వాదించలేదు, సాకులు చెప్పలేదు. “ఇంగ్లీషు సైటులో జూలై 4 పేజీ తీసుకుని ట్రాన్స్‌లేట్ కొట్టానక్కా. పుట్టినవాళ్లూ పోయినవాళ్లూ ఒకే కుప్పలో వచ్చేశారు. నేను చూసుకోలేదు. తప్పు నాదే” అన్నాడు. మేడమ్ పోయి అక్కా వచ్చింది. నా కోపమూ సగం దిగింది. తప్పులన్నీ ఒక్కొక్కటిగా వాట్సాప్‌లో పెడితే, ప్రతిదానికీ తనూ వెతికి సరిచూసుకుని “ఓకే అక్కా” అని జవాబు పెట్టాడు. రాత్రి పదకొండున్నర దాకా అదే పని.

ఈలోపు ఇంట్లో ఇంకో గొడవ. వర్ధంతులు వేరే శీర్షిక కింద వేయిస్తున్నానని అమ్మకు తెలిసింది. “పుట్టినరోజు కానుకలో చావుల సంగతి ఎందుకే? శుభమా?” అంది. అమ్మ మాట తీసిపారేయడానికి లేదు. అట్లాగని వెంకయ్యగారిని తీసేయడానికి నాకు మనసొప్పలేదు. కుర్రాడిని అడిగితే అతనే ఉపాయం చెప్పాడు. “వర్ధంతి అని వద్దక్కా, ‘ఈ రోజు తలుచుకోవాల్సినవారు’ అని వేద్దాం, పక్కన సంవత్సరం ఉంటుంది” అన్నాడు. అమ్మ సరేనంది. ఇప్పుడు ఫ్రేములో నాకు అన్నిటికన్నా ఇష్టమైన శీర్షిక అదే.

రెండో ప్రూఫ్ మర్నాడు సాయంత్రం వచ్చింది. ఒత్తులన్నీ కుదురుగా కూర్చున్నాయి. పుట్టినవారు: పాండ్రంగిలో 1897లో అల్లూరి, 1898లో గుల్జారీలాల్ నందా (1964లోనూ 1966లోనూ రెండుసార్లు తాత్కాలిక ప్రధానిగా చేసినాయన), 1961లో కొవ్వూరులో కీరవాణి. అల్లూరి పేరు పక్కన “1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్‌పై దాడితో మన్యం పోరాటం” అని ఒక ముక్క చేర్చాడు. అది నేను అడగలేదు, తనే వెతికి వేశాడు. సంఘటనల్లో 1997లో అంగారకుడి మీద పాత్‌ఫైండర్ దిగడం, 2012లో జెనీవా దగ్గర సెర్న్‌లో హిగ్స్ బోసాన్ లాంటి కణం దొరికిందని ప్రకటించడం కూడా ఉన్నాయి. బోసాన్ అన్న పేరు మన సత్యేంద్రనాథ్ బోస్ మీదుగా వచ్చిందని ఒక్క ముక్క కలపమన్నాను. కలిపాడు.

రీప్రింటుకు అదనంగా డబ్బులు అడగలేదు. నేను ఇస్తానన్నా వద్దన్నాడు.

ఫ్రేము జూలై 2న చేతికి వచ్చింది. కింది మూలన ల్యామినేషన్‌లో చిన్న గాలి బుడగ, వెనక తగిలించే కొక్కెం వదులు. శంకర్ విలాస్ సెంటర్ దాటి మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. ఉన్నపళంగా అక్కడే బాగుచేసి ఇచ్చాడు.

నాలుగో తేదీ పొద్దున నాన్న స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చాక ఇచ్చాను. ఆయన ఏది ఇచ్చినా “ఎందుకమ్మా ఖర్చు” అంటారు. ఈసారి అనలేదు. కళ్లజోడు పెట్టుకుని, ఫ్రేము కిటికీ వెలుగుకు పట్టి, పై నుంచి ఒక్కో లైను వేలితో చూపిస్తూ చదివారు. గార్డుగా చేసినన్నాళ్లూ టైములు రాసుకున్న మనిషి, అంకె దాటనివ్వరు. 1826 దగ్గర ఆగారు. అమెరికా మాజీ అధ్యక్షులు జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ ఇద్దరూ అదే రోజున, కొన్ని గంటల తేడాలో పోయారు. ఒకరికి తొంభై, ఒకరికి ఎనభై మూడు. వాళ్లు కలిసి తెచ్చిన ప్రకటనకు సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజు. “ఇది నిజమేనా?” అని నన్ను రెండుసార్లు అడిగారు. నిజమే నాన్నా, సరిచూశాను అన్నాను.

తర్వాత 1963 దగ్గర ఆగారు. ఈసారి చాలాసేపు. “ఆ రోజుకి నాకు ఎనిమిదేళ్లు నిండాయి. మేం అదే ఊళ్లో ఉన్నాం” అన్నారు. ఏమైనా గుర్తుందా అని అడిగాను. లేదన్నారు. పుట్టినరోజని నాయనమ్మ సేమ్యా పాయసం చేసి ఉంటుంది, అదీ గుర్తు లేదు. “జెండా పండక్కి బడిలో బిళ్లలు పంచేవాళ్లు. ఆ జెండా ఆయనదని మాకెవరూ చెప్పలేదు” అన్నారు. మళ్లీ ఆ లైను మీద వేలు పెట్టి, అలాగే నిలబడ్డారు. మా అబ్బాయి పక్కన చేరి “ఎవరు తాతయ్యా?” అన్నాడు. నాన్న వాడికి చెప్పడం మొదలుపెట్టారు. టిఫిను చల్లారిపోయినా ఎవరం పిలవలేదు.

ఒక కోరిక మాత్రం కోరారు. “గ్రహణం సంగతి ఇందులో లేదే” అన్నారు. అది జూన్ 20 నాన్నా, జూలై 4 కాదు కదా అన్నాను. “అయినా మా అమ్మ చెప్పింది అదే కదా” అన్నారు. ఆ సాయంత్రమే కుర్రాడికి ఫోను చేశాను. చిన్న పట్టీ అచ్చువేసి, ఫ్రేము విప్పి అద్దం కింద అంచున అతికించి ఇచ్చాడు. యాభై రూపాయలు తీసుకున్నాడు. “దీనికి పద్నాలుగు రోజుల ముందు, జూన్ 20 సోమవారం, సూర్యగ్రహణం” అని ఉంటుంది. ట్రంకు పెట్టె మూత మీది తాతయ్య రాత ఫోటో తీసి పంపితే, ఆ అక్షరాల పోలికలోనే వేశాడు.

చేయించుకోదలచినవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ప్రూఫ్ వచ్చాక డిజైను చూసి మురిసిపోయి ఓకే పెట్టేయకండి. జయంతి ఏది, వర్ధంతి ఏది, ఒక్కో పేరూ కనీసం రెండు చోట్ల సరిచూడండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఆ పని వాళ్లకు ఇవ్వండి, ఇష్టంగా చేస్తారు. మా అబ్బాయి నందా గారి గురించి వెతికి, ఆయనకు 1997లో భారతరత్న వచ్చిందని నాకే చెప్పాడు. సరిచూడటానికి, మార్పించడానికి టైము కావాలి. పదిహేను రోజులు చెప్పమన్నది అందుకే. మన ప్రాంతం వాళ్లు ఎవరైనా ఉంటే ఆ పేర్లు మీరే ముందు పంపండి, ఇంగ్లీషు జాబితాల్లో మనవాళ్లు కింద ఎక్కడో ఉంటారు, లేదా ఉండనే ఉండరు.

నా వరకు ఐదుకు నాలుగు మార్కులు. మొదటి ప్రూఫ్‌లో ముగ్గురు పోయినవాళ్లను పుట్టించినందుకు ఒకటి తగ్గించాను. తప్పు ఒప్పుకుని రాత్రి పదకొండున్నర దాకా కూర్చుని సరిచేసినందుకు మిగతా నాలుగూ సంతోషంగా ఇస్తున్నాను.

ఇప్పుడు అమ్మకూ ఒకటి చేయించాలి. అమ్మకు తేదీ లేదు. ఆధార్‌లో ఉన్నది మళ్లీ ఒక జూన్ 1. అమ్మమ్మ చెప్పింది ఇంతే: నయాపైసలు వచ్చిన ఏడు, బ్యారేజీ తెరిచిన ఏడు, చలికాలం. జూన్ 1 వేయమని అడిగి చూశాను. కుర్రాడు కాసేపు ఆలోచించి, “ఆ రోజు కాదని తెలిసీ ఎందుకక్కా, రోజు వద్దు, ఏడాది వేద్దాం” అన్నాడు. 1957 పేరుతో షీటు మొదలుపెట్టాం. ఏప్రిల్ 1న నయాపైసలు. మే 20న ప్రకాశం పంతులుగారి మరణం. అక్టోబరు 4న స్పుత్నిక్. ఏడాది చివర కృష్ణ మీద ఆయన పేరుతోనే బ్యారేజీ. దాని కింద అమ్మ పేరు, పక్కన తేదీ ఉండాల్సిన చోట ‘చలికాలం’ అని.